దేవునికి విడిచిన బొల్లోడు

ఇది రాసి పెట్టకపోతే లోకానికి పెద్ద నష్టమేమీ లేదనుకుంటూ చాలా ఏళ్లు ఊరుకున్నాను. పోయిన నెల ఎల్లారెడ్డి పక్కనున్న మా పుట్టింటికి వెళ్లి వచ్చాక ఆ మాట నాకే తప్పనిపించింది. మా తమ్ముడి కొడుకు మహేష్, తల్లి చచ్చిపోయిన ఒక పొట్టేలు పిల్లను సీసాపాలతో సాకుతున్నాడు. అది వాడి వెనకాలే ఇంట్లోకి వస్తుంది, మంచం మీదికి ఎక్కుతుంది. నన్ను చూడగానే వాడు, "అత్తా, తమాష జూడు" అని వంగి దాని నుదుటికి తన నుదురు ఆనించి తోశాడు. పిల్ల కాస్త వెనక్కి నడిచి, ముందుకు ఉరికి వచ్చి వాడిని తోసింది. అందరూ నవ్వారు. వాడి భార్య కవిత ఫోనులో తీస్తోంది.

"నుదురు ముట్టకురా," అన్నాను.

"ఏమైతదత్తా? దోస్తాన జేస్తుంది, గంతే."

"పెద్దగైనంక గదే దోస్తాన నీ బొక్కలు ఇరగ్గొడ్తది."

"లైబ్రరీల బుక్కులు సదివి సదివి గొర్రెపిల్లకు గూడ భయపడవడ్తివి," అని వాడు మళ్లీ తోశాడు.

నిజం చెప్పాలంటే ఈ సంగతి పుస్తకాల్లో లేదు, అదే నా బాధ. నేను చదివింది ఐదో తరగతి వరకే. తరువాతి చదువంతా ఒళ్లో బీడీల చాట, పక్కన పుస్తకం పెట్టుకొని చదువుకున్నదే. పెళ్లికి ముందు ఎల్లారెడ్డి లైబ్రరీలో, పెళ్లయ్యాక కామారెడ్డి లైబ్రరీలో అలమారాలు ఒక్కొక్కటిగా చూస్తూ వచ్చాను. గొర్రెల మీద దొరికిన ప్రతి పుస్తకమూ చదివాను. మేత గురించి, బరువు గురించి, గాలికుంటు గురించి, నట్టల మందు గురించి ఉంది. మందకు విడిచే పొట్టేలు ఎంత ఎత్తుండాలో, ఛాతీ ఎంత వెడల్పుండాలో ఉంది. దాని గుణం ఎట్లా ఉండాలో, మంచి గుణం ఉన్నదాన్ని మనుషులు ఎట్లా చెడగొడతారో నాకు ఎక్కడా కనిపించలేదు. అది మా నాన్నకు, మా బాపుకు, తెలుసు. బాపు లేడు. తెలిసినవాళ్లలో రాయగలిగేది నేనే కాబట్టి రాస్తున్నాను.

మాది కుర్మల ఇల్లు. మంద చిన్నది, అన్నీ ఉన్ని గల నల్ల గొర్రెలు. మా ఇంటికి ఎవరొచ్చినా ముందు ముక్కుకు తగిలేది తడి ఉన్ని వాసన. దాని వెనక ఎండిన తుమ్మకాయల పులుపు, ఇంకా వెనక అమ్మ పొయ్యి మీద ఉడికే మక్కగట్క. ఆ వాసనలన్నీ బాపు గొంగడిలో ఉండేవి. ఆయన ఎండాకాలం కూడా ఆ గొంగడి భుజం మీద నుంచి దించేవాడు కాదు. బాపు కుంటేవాడు. పడుచువాడిగా ఉన్నప్పుడు సొంత మందలోని పొట్టేలే వెనక నుంచి వచ్చి తుంటి విరగ్గొట్టిందట. ఆ నొప్పితో మంచంలో పడుకొని ఆయన ఒక నిర్ణయం చేసుకున్నాడు: మా దొడ్డిలో మనిషిని కుమ్మే పొట్టేలు ఉండగూడదు. మిగతావాళ్లు పెద్ద కొమ్ములు, పొడుగు మనిషి నడుము దాకా వచ్చే ఎత్తు చూసి పొట్టేళ్లను ఉంచుకునేవాళ్లు. బాపు గుణం చూసి ఉంచేవాడు. ఆయన ఎంచుకునే తీరు చూసి ఊరు నవ్వేది. మొలక కొమ్ములు వచ్చిన పొట్టేలు పిల్లల మధ్య, వాటికి వీపు చూపిస్తూ నేల మీద కూర్చునేవాడు. ఏమీ చేయకుండా చుట్ట కాల్చుకుంటూ కూర్చునేవాడు. కొన్ని దూరంగా పోయేవి. కొన్ని వచ్చి వీపు వాసన చూసి, తల వంచి, వెనక్కి అడుగులు వేసేవి. వెనక్కి అడుగు వేసిందంటే ముందుకు ఉరకడానికే. అట్లాంటివన్నీ అంగడికి పోయేవి. వచ్చి ఆయన పక్కన ఒరిగి నెమరు వేసే పిల్ల మాకు మిగిలేది.

మిగిలినదాన్ని సాకడానికి ఇంట్లో అందరికీ ఒకటే కట్టుబాటు. నుదురు ముట్టగూడదు. ముద్దొచ్చినా సరే, ఈగ వాలినా సరే. గోకాలనిపిస్తే గదవ కింద, అంటే గడ్డం కింద గోకాలి. "గదవ కింద గోకితె తల పైకి లేస్తది బిడ్డా. తల పైకున్న పొట్టేలు కుమ్మలేదు. నుదురు మీద చెయ్యి పెడితె అది తోస్తది. తోసుడు నేర్చిందంటె ఇంక దాన్ని మరిపియ్య ఎవనితోని గాదు," అనేవాడు. తుమ్మకాయలు కూడా అరచేతిలో పెట్టి, చెయ్యి కాస్త ఎత్తి తినిపించేవాళ్లం. ఒక పొట్టేలును రెండు ఈతలకు మించి మందలో ఉంచేవాడు కాదు, తన బిడ్డలనే ఎక్కుతుందని. బిచ్కుంద వైపు ఉండే మా మేనమామ కూడా ఇదే పద్ధతి పట్టాడు. ఇక్కడి పొట్టేలు అక్కడికి, అక్కడిది ఇక్కడికి మారేవి. దగ్గరి రక్తం కలవగూడదన్న శాస్త్రం నేను చాలా ఏళ్ల తరువాత కామారెడ్డి లైబ్రరీలో చదివి, మా ఇంట్లో జరిగిందే కదా అని ఒక్కదాన్నే మురిసిపోయాను.

బొల్లోడు మామ ఇంటి నుంచి వచ్చినవాడు. ఒళ్లంతా నలుపు, నుదుటి మీద మాత్రం తెల్ల మచ్చ. వాణ్ణి మా దగ్గర దించిన ఏడాదే మామ మంద మొత్తం అమ్మేసి దుబాయి పోయాడు. అంటే ఆ సాధు విత్తనంలో వేరే రక్తం ఇక ఎక్కడా లేదు, ఉన్నది బొల్లోడి దగ్గరే. బాపు వాణ్ణి చూసే చూపులోనే అది తెలిసేది. వాణ్ణి కడగడం నా పని. ఉన్ని కత్తిరించే ముందు అందరూ గొర్రెలను కాలువకు తోలి కడుగుతారు. నేను బొల్లోణ్ణి ఊరికే కూడా కడిగేదాన్ని. నీళ్లు చల్లితే కళ్లు సగం మూసుకొని, కదలకుండా నిలబడేవాడు. చెవుల్లో నీళ్లు పోయినా అంతే. మా అవ్వ అరుగు మీద కూర్చొని, "పెండ్లికొడుకు తానం జేస్తుండు, సాంబ్రాణి ఎయ్యరాదే," అని వెక్కిరించేది.

ఆ వానాకాలం బాపుకు కామెర్లు వచ్చాయి. కళ్లు, గోళ్లు, ఆఖరికి గొంగడి మీద పడిన చెమట కూడా పచ్చగా కనిపించేది. చెట్టుమందు పోయించారు, దవాఖానకు తీసుకుపోయారు. ఆయన తిన్నది కడుపులో ఆగలేదు. ఒకనాడు పొద్దున అమ్మ తడి బట్టలతో బీరప్ప గుడికి పోయి, నా మగడు లేస్తే మందలో మంచి పొట్టేలును నీకు ఇస్తానని మొక్కి వచ్చింది. అప్పుడు ఆమె అన్న మాట "మంచి పొట్టేలు" అని మాత్రమే. అది బొల్లోడని అనుకోలేదు, కాదనీ అనుకోలేదు. మొక్కేటప్పుడు ఎవరు అంత ఆలోచిస్తారు?

బాపు లేచాడు. చేతికర్రతో దొడ్డి దాకా నడిచిన రోజే కుర్మపెద్ద కిష్టయ్య తాత వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"మొక్కు ఎన్నడు దీరుస్తవు పోచయ్యా?"

"అంగడికెళ్లి మంచిది దెస్త పెద్దబాపూ."

"అంగడిది నీ మందలదెట్లయితదిరా? నీ పెండ్లాం ఏమని మొక్కింది? మందల మంచిది అన్నది. నీ మందల మంచిదేదో ఊరంత ఎరుక. నువ్వే గదా పదేండ్ల సంది సెప్పుకుంట తిరుగుతున్నవు!"

బాపు తల వంచుకున్నాడు. గొర్రెలు ఈనేదాకా ఆగుదామన్నాడు. ఆగితే మొక్కు పెరుగుతుందన్నాడు తాత. పొయ్యి దగ్గర అమ్మ ఏడుస్తోంది. ఆమెను ఏమీ అనడానికి లేదు. ఆమె అడిగింది ఆయన ప్రాణాన్ని, అది ఆయన ఒంట్లోనే ఉంది. ఆ ప్రాణంతోనే కాదని ఎట్లా అంటాడు?

మొక్కు తీర్చే తీరు తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. గుడి ముందు పొట్టేలును నిలబెట్టి, మెడ మీద, వీపు మీద నీళ్లు పోస్తారు. అది ఒళ్లు విదిలిస్తే దేవుడు ఒప్పుకున్నట్టు. అప్పుడే కోస్తారు. విదిలించకపోతే కోయగూడదు. మామూలుగా నీళ్లు పడగానే ఏ జీవమైనా విదిలిస్తుంది. బొల్లోడు విదిలించలేదు. కళ్లు సగం మూసుకొని నిలబడ్డాడు. కడవతో పోశారు, వీపు మీద పసుపు చల్లి మళ్లీ పోశారు. డప్పులు ఆగాయి.

"ఇంటోళ్లల్ల ఎవలికో మనసొప్పుతలేదు," అన్నాడు కిష్టయ్య తాత. "వొచ్చి దండం బెట్టుండ్రి."

అవ్వ పెట్టింది, అమ్మ పెట్టింది, బాపు కర్ర పక్కన పెట్టి కష్టంగా వంగి పెట్టాడు. నేనూ పెట్టాను. వాడు మాత్రం నీళ్లు కారుతూ, నా కొంగు వాసన చూస్తూ నిలబడ్డాడు. ఆకలైన చుట్టాలు సణగడం మొదలుపెట్టారు. "వీనికి తానాలు జేపిచ్చి జేపిచ్చి పాడుజేసిండ్రు గదనే," అని ఎవరో అంటే నవ్వులు. చివరికి తాతే తీర్పు చెప్పాడు: దేవుడు ప్రాణం అడగడం లేదు, పొట్టేలునే తనకు ఉంచమంటున్నాడు. మెడకు పసుపుబట్ట కట్టి విడిచిపెట్టండి.

ఆ మధ్యాహ్నం బాపు కళ్ల నిండా నీళ్లతో నవ్వాడు. మేము చాలా తక్కువ రోజులే నవ్వాం.

దేవునికి విడిచిన పొట్టేలు ఎవరిదీ కాదు. దాన్ని కట్టేయగూడదు, దొడ్డిలో వేయగూడదు, ఉన్ని కత్తిరించగూడదు, కొట్టగూడదు. పొద్దు గూకగానే బొల్లోడు అలవాటుగా మా దొడ్డి తడిక దగ్గరికి వచ్చేవాడు. మొదటి రోజు బాపు తడిక తీశాడు. తెల్లారేసరికి మాట వచ్చేసింది: "దేవుని సొమ్ము నీ దొడ్ల ఏసుకుంటున్నవా?" ఆ తరువాత వాడు తడిక బయట పడుకునేవాడు, లోపలి గొర్రెలు తడిక ఇవతల పడుకునేవి. ఊళ్లో వాడికి లోటు లేదు. ప్రతి ఇల్లూ గుప్పెడు జొన్నలో, రొట్టె ముక్కో పెట్టేది. వాడు పిల్లలకు వెరవడు, కుక్కలకు వెరవడు, ఎవరు పిలిచినా పోతాడు. బాపు అట్లా పెంచాడు కదా.

గుడి పక్క ఇంటి సాయవ్వది భక్తి గల మనసు. పొద్దున్నే వాడి ముఖం కడిగి, నుదుటి మీది తెల్ల మచ్చపై బొటనవేలితో బండారి అద్దేది. గుడి పసుపును మేము బండారి అంటాం. ఆమెను చూసి ఇంకొకరు, వాళ్లను చూసి మరొకరు. నుదురు మీద చెయ్యి పడితే పొట్టేలు ఏం చేస్తుంది? తోస్తుంది. మొదటిసారి అట్లా తోసిన రోజు సాయవ్వ అరిచింది, సంతోషంతో. "తీసుకున్నడే! నా మొక్కు తీసుకున్నడు!" అప్పటికి రెండు రోజుల ముందే ఆమె కొడుక్కి జ్వరం తగ్గిందట. ఇంకేం, పొట్టేలు తోస్తే పని అయినట్టు, తోయకపోతే కానట్టు ఊరంతా పాకింది. బిడ్డ పెళ్లి కుదరాలని ఒకరు, బోరులో నీళ్లు పడాలని ఒకరు, దుబాయి వీసా రావాలని ఒకరు. పసుపు చేత్తో నుదురు నొక్కడం, వాడు తోసేదాకా నొక్కుతూనే ఉండడం. గట్టిగా తోస్తే అంత గట్టి వరం.

బాపు కర్రతో ఇల్లిల్లూ తిరిగాడు. నేను వెంట ఉన్నాను కాబట్టి చెప్పగలను, ఆయన ఎవరి మీదా గొంతు పెంచలేదు.

"సాయవ్వ వదినె, నీకు దండం బెడ్త. మొక్కుతె మొక్కు. నుదురు ముట్టకు. గదవ కింద గోకు."

"ఏందోయ్ పోచయ్యా, దేవునికి గదవ కింద మొక్కుతరా? నువ్వు మొక్కుతవా?" అని ఆమె పగలబడి నవ్వింది. చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు.

"తోసుడు నేర్చుకుంటుండు వదినె. రేపు కుమ్ముతడు."

"దేవుడు కుమ్ముతడా? దేవుని మీది కోపంతోని మాట్లాడకు. నీ పొట్టేలు నీకు కాకుంట అయిందని కడుపుల మంట నీకు."

కిష్టయ్య తాత కూడా అదే మాట ఇంకా మెల్లగా చెప్పాడు. బాపుకు ఇక చెప్పడానికి చోటు మిగల్లేదు. పొట్టేలు ఆయనది అయినప్పుడు నుదురు ముట్టకుండా చూసుకున్నాడు. దేవుడిది అయ్యాక ఆ నుదురు ఊరందరిదీ అయింది. ఒక్క మనిషి అయినా వాడితో చెడుగా ఉంటే, ఆ మనిషిని ఆపొచ్చు. అందరూ ప్రేమతోనే చేస్తున్నారు. ప్రేమను ఎట్లా ఆపాలో ఆయనకు తెలియదు, నాకు ఇప్పటికీ తెలియదు.

చలికాలం దాటేసరికి బొల్లోడు వెనక్కి అడుగులు వేయడం మొదలుపెట్టాడు. బాపు అది చూసిన రోజు అన్నం ముట్టలేదు. కొన్నాళ్లకే సాయవ్వ పసుపు గిన్నెతో ముందుకు వంగితే, వాడు వెనక్కి జరిగి ఉరికి వచ్చాడు. ఆమె గుడి మెట్టు మీద పడింది. తొడ ఎముక విరిగింది. ఇక ఆమె మునుపటిలా నడవలేదు. దెబ్బలు చిన్నవైతే ఊరు వరం కిందనే లెక్క వేసేదేమో, ఇది లెక్కకు అందలేదు. అప్పటిదాకా నుదురు నొక్కినవాళ్లు తలుపులు వేసుకున్నారు, రాళ్లు విసిరారు. విసిరిన కొద్దీ వాడు మనిషి కనబడితే చాలు తల దించేవాడు. "ఏడుందిరా పోచయ్యా నీ సాధు ఇత్తనం?" అని కల్లు దుకాణం ముందు బాపును అడిగారు. ఆ మాట ఆయన లోపలికి పోయింది. ఆ ఏడాది పుట్టిన బొల్లోడి పిల్లల మధ్య ఆయన కూర్చోలేదు. అన్నిటినీ అంగడికి తోలాడు. గుణం రక్తంలో ఉంటుందని ఆయన అంతకాలం నమ్మాడు. ఆ నమ్మకం పోయింది. రక్తమూ కావాలి, చెయ్యీ కావాలి, ఒకటి తప్పితే రెండోది నిలవదు. ఈ మాట నేను చదివి, ఆలోచించి తెలుసుకునే నాటికి వినడానికి ఆయన లేడు.

దేవుడి పొట్టేలును కోయలేరు, అమ్మలేరు, కట్టేయలేరు. పెద్దలు కూర్చొని, డోంగ్లి అవతల సరిహద్దు వైపున్న ఒక గుడి దగ్గర వదిలి రావాలని తీర్మానం చేశారు. అక్కడ చాలామంది వదులుతారట. ట్రాక్టరు వచ్చింది. బొల్లోణ్ణి ట్రాలీ ఎక్కించడానికి ఒక్కడూ దగ్గరికి పోలేదు. చివరికి అందరూ బాపు వైపు చూశారు.

ఆయన వద్దనలేదు. అరచేతిలో తుమ్మకాయలు పెట్టుకొని, కుంటుతూ వాడి దగ్గరికి నడిచాడు. వాడు తల దించాడు. మా అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. బాపు ఆగలేదు, చెయ్యి గదవ కిందికి పోనిచ్చాడు. తల మెల్లగా పైకి లేచింది. గోకుతూ, మాట్లాడుతూ, చెక్క మీదుగా ట్రాలీలోకి తీసుకుపోయాడు. వాడు ఒక్క అడుగు కూడా మొరాయించకుండా ఆయన వెంట పోయాడు.

"సూడుండ్రి, ఎంత బుద్ధిమంతునోలె పోతుండో," అన్నారెవరో, మెచ్చుకుంటూనే.

బాపు దిగాక వెనక తలుపు వేశారు. కొన్నాళ్లకు ఆయన, నేను బస్సులు మారి ఆ గుడికి పోయాం. అక్కడ పసుపుబట్టలు కట్టిన పొట్టేళ్లు చాలా ఉన్నాయి, బొల్లోడు లేడు. గుడి ఊడ్చే ఆమెకు మరాఠీ తప్ప రాదు. బాపు తన నుదుటి మీద వేలితో తెల్ల మచ్చ గీసి చూపించాడు. ఆమె బండారి తెచ్చి ఆయన నుదుటికి పెట్టింది. ఆయన పెట్టించుకున్నాడు. ఆ తరువాత అంగడి నుంచి పెద్ద కొమ్ముల పొట్టేలును కొన్నాడు. అందరిలాగే మెడకు, కాలికి తాడేసి కట్టాడు. దాని దగ్గరికి మమ్మల్ని పోనియ్యలేదు, తానూ పోలేదు.

ఇప్పుడు మా ఊళ్లో నల్ల గొర్రెలు లేవు. ఉన్నిని అడిగేవాళ్లు లేరు, గొంగడి నేసేవాళ్లు లేరు. ఎక్కడి నుంచో తెచ్చిన, ఉన్ని లేని పొడుగు కాళ్ల గొర్రెలు ఉన్నాయి. అవి బరువు త్వరగా పెరుగుతాయి, అది మంచిదే, నేను కాదనను. పొట్టేలు గుణం ఎవరూ చూడరు, చూసే అవసరం లేదంటారు. ముద్దొస్తే మాత్రం నుదురే నిమురుతారు. మనిషి చెయ్యి ఎందుకో ముందు అక్కడికే పోతుంది. కవిత తీసిన ఆ వీడియోను చాలామంది చూశారట, మహేష్ నుదురుకు నుదురు కలిపి అట్లాగే ఆడే వేరే ఊళ్ల పిల్లల వీడియోలు కూడా నాకు చూపించాడు. సంతోషంగా చూపించాడు. నేను బాపులాగే గొంతు పెంచకుండా చెప్పాను, బాపుకు దొరికిన జవాబే నాకూ దొరికింది.

ఇది రాయడానికి సాయం చేసినవాళ్లకు కృతజ్ఞతలు చెప్పుకోవాలి. అలమారాల తాళం నా చేతికే ఇచ్చి, ఏ పుస్తకం కావాలో నన్నే వెతుక్కోమన్న లైబ్రరీ రాజేశ్వర్ సారుకు. నేను రాస్తూ కూర్చుంటే నా వంతు బీడీలు కూడా చుట్టిపెట్టిన పక్కింటి రహీమాబీకి. మరిచిన సంగతులు గుర్తు చేసి, గుర్తున్నవాటిలో తప్పులు దిద్దిన తమ్ముడు సాయిలుకు. తల్లి మంచంలో ఉన్నప్పటి మాటలు దాచకుండా చెప్పిన సాయవ్వ బిడ్డ లక్ష్మికి, ఆఖరిదాకా ఆ పొట్టేలును ఒక్క తిట్టు తిట్టని సాయవ్వకు. మొక్కి బాపును మాకు ఇంకా చాలా ఏళ్లు మిగిల్చిన అమ్మకు. చేతి పని నేర్పిన బాపుకు. గదవ కింద ఎక్కడ గోకాలో ఒక్కసారి అడిగి, మొగుడు లేనప్పుడు అట్లాగే గోకుతున్నానని ఫోనులో చెప్పిన కవితకు. మహేష్‌కు కూడా. వాడు ఇది చదవడని తెలుసు, చదివి వినిపించమని కవితకు ఇస్తున్నాను. తొందరగా వినిపించమని కూడా చెప్పాను. ఆ పిల్లకు కొమ్ములు మొలుస్తున్నాయి.